ఆటగాడి మీద పుకారు వచ్చినప్పుడు అభిమాని ఏం చేయాలి

యూరప్ ఫుట్‌బాల్‌లో బదిలీల కాలం, అంటే క్లబ్బులు గడువులోగా ఆటగాళ్లను కొని అమ్ముకునే కాలం మొదలైందంటే, ఎక్కడో మాడ్రిడ్‌లోనో మాంచెస్టర్‌లోనో ఒక విలేకరి రాసిన రెండు వాక్యాలు గంట తిరగకముందే అనంతపురంలో ఫుట్‌బాల్ ఆడే పిల్లల ఫోన్లలోకి వచ్చేస్తాయి, సాయంత్రానికి సప్తగిరి సర్కిల్ దగ్గర టీ బంకుల్లో వాదనలుగా మారతాయి. ఫలానా ఆటగాడు క్లబ్ మారుతున్నాడట, ఫలానావాడికి కోచ్‌తో పడటం లేదట, ఇంకొకరి మోకాలు బాగాలేదన్న సంగతి దాస్తున్నారట అనే మాటలను నమ్మినవారు ఒకవైపు, నమ్మనివారు మరొకవైపు చేరతారు. ఆటగాడినో, విలేకరినో, ఎదుట కూర్చున్న స్నేహితుడినో నోటికొచ్చినట్టు తిట్టడంతో ఆ వాదన ముగుస్తుంది. ఒక్కోసారి ఆ తిట్లు నేరుగా ఆటగాడి ఖాతా కింద వ్యాఖ్యలుగానూ చేరతాయి. అలాంటి వార్త చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎలా పరీక్షించాలో, ఎంతవరకు నమ్మాలో, దాని గురించి ఏం రాయాలో, ఏం రాయకూడదో ఒక పద్ధతిగా చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

అనంతపురానికి ఇది దూరపు విషయం కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించినప్పటి నుంచి స్పెయిన్‌తో ఈ ఊరికి రాకపోకలు ఉన్నాయి. 2010లో రఫెల్ నాదల్ టెన్నిస్ శిక్షణ కేంద్రం ఇక్కడే మొదలైంది, ఫుట్‌బాల్ శిక్షణకు స్పెయిన్ దేశపు లీగ్ అయిన లా లిగా కూడా చేయూతనిచ్చింది. అందుకే పల్లెల నుంచి వచ్చి ఇక్కడ బంతి ఆడే అమ్మాయిలకూ అబ్బాయిలకూ బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ అన్నవి టీవీలో మాత్రమే వినే పేర్లు కావు. ఆటగాళ్ల గురించి ఎలా మాట్లాడాలో ఆ పిల్లలు తమకంటే పెద్దవాళ్లను చూసే నేర్చుకుంటారు. రేపు వారిలో ఎవరైనా పైస్థాయికి ఎదిగితే వారి మీదా ఇలాంటి మాటలే పుడతాయి. కాబట్టి పుకారును ఎదుర్కొనే తీరు కూడా ఆటలో భాగంగా నేర్చుకోవలసినదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వార్త పుట్టిన చోటు

మొదటి పని, వార్త మీ దగ్గరికి ఎవరు పంపారన్నది పక్కన పెట్టి, దాన్ని మొదట ఎవరు రాశారో కనుక్కోవడం. స్పెయిన్ పత్రికలో ఒక విలేకరి ఫలానా ఆటగాడి పరిస్థితిని క్లబ్ గమనిస్తోందని రాస్తాడు. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చిన ఖాతా, ఆ క్లబ్ అతడిని కొనాలని చూస్తోందని అంటుంది. దాన్ని చూసి వీడియో చేసిన మరొకరు రెండు క్లబ్బుల మధ్య మాటలు నడుస్తున్నాయంటారు. మన గ్రూపులోకి వచ్చేసరికి ఆ ఆటగాడు కొత్త జెర్సీ తొడుక్కుని నవ్వుతున్న ఫొటో, దాని మీద ఎర్ర అక్షరాలతో బేరం పూర్తయిందన్న మాట ఉంటాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటి ఫొటోలకు అచ్చంగా సరిపోతుంది. ఇందులో మొదటి విలేకరి అబద్ధం రాయలేదు, ప్రతి చేతిలోనూ మాట కొంచెం కొంచెంగా పెరిగింది. కాబట్టి తెలుగులో వచ్చిన వీడియో దగ్గరో, ఫార్వర్డ్ దగ్గరో ఆగిపోకుండా, అందులో ఏ పత్రిక పేరు చెప్పారో చూసి ఆ పత్రికలోనే వార్తను వెతకండి. స్పానిష్‌లో ఉన్నా, ఇటాలియన్‌లో ఉన్నా ఫోన్‌లోనే తెలుగులోకి మార్చుకుని చదివే వీలు ఇప్పుడు ఉంది. ఏ పత్రిక పేరూ చెప్పకుండా తెలిసిన వర్గాల సమాచారం అని మాత్రమే ఉంటే, మూలం దొరికేదాకా దాన్ని వార్తగా లెక్కపెట్టకండి.

మూలం దొరికాక రాసిన వ్యక్తి పేరు, తేదీ, సమయం చూడండి. పాత సీజన్‌లో వచ్చిన వార్తను కొత్తదిగా తిప్పడం చాలా మామూలు. బదిలీ వార్తల్లో ప్రపంచమంతా ఎదురుచూసే పేర్లు కొన్ని ఉన్నాయి: ఇటలీకి చెందిన ఫాబ్రిజియో రొమానో, జాన్‌లూకా డి మార్జియో, ఇంగ్లండ్‌లో డేవిడ్ ఆర్న్‌స్టీన్ వంటివారు. రొమానో ఒక బదిలీ ఖాయమైందని తాను నమ్మినప్పుడు హియర్ వీ గో అని రాస్తాడని ఫుట్‌బాల్ చూసే ప్రతి కుర్రాడికీ తెలుసు. సరిగ్గా అందుకే ఆయన పేరుతో, ఆయన ఫొటోతో దొంగ పోస్టులు తయారవుతాయి. ఖాతా పేరులో ఒక అక్షరం అటూ ఇటూ చేసి నకిలీ ఖాతాలు తెరుస్తారు. ఖాతా అసలైనదని చెప్పే నీలి గుర్తును ఎక్స్‌లో డబ్బు కట్టిన వారికి ఇవ్వడం మొదలుపెట్టి, 2023 ఏప్రిల్‌లో పాత గుర్తులను తీసేశాక ఆ గుర్తు చూసి నమ్మడానికి లేకుండా పోయింది. స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా అసలు ఖాతాలోకి వెళ్లి ఆ మాట అక్కడ ఉందో లేదో చూడడానికి నిమిషం కూడా పట్టదు. అలాగే, ప్రపంచమంతటి బదిలీల గురించి రాసే ప్రసిద్ధుడి కంటే, ఒకే క్లబ్బును ఏళ్ల తరబడి అనుసరిస్తూ శిక్షణ మైదానానికి రోజూ వెళ్లే స్థానిక విలేకరి మాటకు ఆ క్లబ్ విషయంలో ఎక్కువ బరువు ఇవ్వాలి.

మూలం పెద్దదైనా అది చాలదని మన దేశంలోనే ఒక గుణపాఠం దొరికింది. 2025 జూలైలో భారత పురుషుల జట్టు కోచ్ పదవికి బార్సిలోనా మాజీ కోచ్ షావి దరఖాస్తు చేశాడని ఒక పెద్ద పత్రికలో వార్త వచ్చింది. ఫుట్‌బాల్ సమాఖ్యలో బాధ్యత గల వ్యక్తి ఆ మాటను ధ్రువీకరించినట్టు కూడా అందులో ఉంది. దేశమంతా ఆ వార్త మారుమోగింది, స్పెయిన్ పత్రికలూ రాశాయి. తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యే ఒక ప్రకటన చేసి, షావి పేరుతోనూ, అప్పటి మాంచెస్టర్ సిటీ కోచ్ పెప్ గ్వార్డియోలా పేరుతోనూ వచ్చిన ఈమెయిళ్లు అసలైనవి కావని తేల్చింది. పత్రిక ఉంది, అధికారి ఉన్నాడు, ఈమెయిల్ కూడా ఉంది, కాని షావి మాత్రం ఆ వార్తలో ఎక్కడా మాట్లాడలేదు. అందుకని ఎవరి గురించి వార్త వచ్చిందో ఆ మనిషి గాని, అతడి తరఫున మాట్లాడే హక్కున్న ప్రతినిధి గాని నోరు విప్పారా అన్న ప్రశ్నను ప్రతిసారీ వేసుకోవాలి.

బేరం ఏ మెట్టు మీద ఉంది

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. అభిమానులు ఒక వార్త నిజమా అబద్ధమా అని మాత్రమే అడుగుతారు. ఎక్కువ బదిలీ వార్తలు రాసిన రోజున నిజమే అయి ఉంటాయి, వారం తర్వాత పరిస్థితి మారుతుంది. కాబట్టి అడగవలసింది బేరం ఎక్కడిదాకా వచ్చిందని. పెళ్లి సంబంధంలో వాకబు వేరు, పెళ్లిచూపులు వేరు, తాంబూలాలు వేరు, మూడు ముళ్లు వేరని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. బదిలీలోనూ అలాంటి దశలే ఉంటాయి. ముందు ఒక క్లబ్ ఆటగాడిని గమనిస్తుంది, అతడి తరఫున బేరాలు చూసే ఏజెంటును విచారిస్తుంది. తర్వాత అతడు ఆడుతున్న క్లబ్బుకు ధర చెబుతూ రాతపూర్వకంగా ప్రతిపాదన పంపుతుంది. రెండు క్లబ్బులు ధర మీద ఒప్పుకోవడం ఒక మెట్టు, జీతం, ఒప్పంద కాలం మీద ఆటగాడు ఒప్పుకోవడం వేరొక మెట్టు. ఆ తర్వాత వైద్య పరీక్షలు, సంతకాలు, చివరికి కొత్త క్లబ్ ఆటగాడిగా అధికారికంగా నమోదు. మీరు చదివిన వార్త వీటిలో ఏ దశ గురించి చెబుతోందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే సగం గందరగోళం అక్కడే తీరుతుంది. చెప్పలేకపోతే ఆ వార్తలో విషయం లేదని అర్థం.

చివరి మెట్ల మీద కూడా జారిపోయిన బేరాలు ఎన్నో ఉన్నాయి. 2013 ఆగస్టులో బ్రెజిల్ ఆటగాడు విలియన్ టోటెన్‌హామ్ క్లబ్బులో వైద్య పరీక్షలు చేయించుకుని, ఆ తర్వాత చెల్సీలో చేరాడు. 2018 జూన్‌లో నబిల్ ఫెకిర్ లివర్‌పూల్‌కు వెళ్లడం ఖాయమని అందరూ రాశాక, వైద్య పరీక్షల దశలో బేరం విరిగిపోయింది. 2021 ఆగస్టు 27న క్రిస్టియానో రొనాల్డో కథ ఇంకా వేగంగా తిరిగింది. అంతకుముందు రోజుల్లో అతడు మాంచెస్టర్ సిటీకి వెళ్తున్నాడని పేరున్న విలేకరులంతా రాశారు. ఆ రోజు సిటీ వెనక్కి తగ్గింది, అదే రోజు అతడి పాత క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ తాను అతడు ఆడుతున్న ఇటలీ క్లబ్ యువెంటస్‌తో ఒప్పందానికి వచ్చినట్టు ప్రకటించింది. ముందు రోజు సిటీ గురించి రాసినవారందరూ అబద్ధాలకోరులని అనడం న్యాయం కాదు. వారు రాసినప్పుడు మాటలు నడుస్తూనే ఉన్నాయి, సంతకం మాత్రం కాలేదు.

వీటన్నిటిలో అభిమాని దగ్గరగా గమనించవలసింది 2015 ఆగస్టు 31 రాత్రి జరిగిన సంగతి. మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ దవిద్ దె హెయా రియల్ మాడ్రిడ్‌కు వెళ్లడానికి, రియల్ గోల్‌కీపర్ కేలర్ నవాస్ ఇటు రావడానికి రెండు క్లబ్బులూ ఒప్పుకున్నాయి. స్పెయిన్‌లో గడువు ఆ రాత్రి 12 గంటలకు ముగుస్తుంది, అంటే మనకు తెల్లవారుజామున 3:30 గంటలు. ఒక దేశం నుంచి మరో దేశానికి ఆటగాడు మారేటప్పుడు రెండు క్లబ్బులూ ప్రపంచ ఫుట్‌బాల్ పాలక సంస్థ ఫిఫా వారి బదిలీ నమోదు వ్యవస్థలో వివరాలు నింపాలి, రెండు వైపుల వివరాలూ సరిపోలాలి. 2010 అక్టోబరు నుంచి ఈ పద్ధతి తప్పనిసరి అయింది. ఆ రాత్రి పత్రాలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగి, చివరికి కొద్ది నిమిషాల తేడాతో గడువు దాటిపోయింది. మర్నాడు రెండు క్లబ్బులూ తప్పు ఎదుటివారిదేనంటూ పెద్ద పెద్ద ప్రకటనలు ఇచ్చాయి. దె హెయా అదే సెప్టెంబరులో యునైటెడ్‌తో కొత్త ఒప్పందం మీద సంతకం చేసి, 2023 దాకా అక్కడే ఆడాడు. ఆ సాయంత్రం అతడు వెళ్తున్నాడని రాసిన విలేకరి నిజమే రాశాడు, ఆ మాట నమ్మి తెల్లవారుజామున సంబరం చేసుకున్న అభిమాని మాత్రం ఒక మెట్టు ముందుకు దూకాడు. అందుకే సంతకమైన వార్త వచ్చినా, నమోదు పూర్తయి క్లబ్ సొంత ప్రకటన వెలువడేదాకా అయిపోయిందన్న మాట వాడకండి.

క్లబ్ సొంత ప్రకటన కూడా అందరూ ఊహించినదానికి పూర్తిగా ఎదురుగా రావచ్చు. 2021 ఆగస్టు 5న లియోనెల్ మెస్సీ బార్సిలోనాతో కొత్త ఒప్పందం మీద సంతకం చేస్తాడని అందరూ ఎదురుచూస్తుండగా, లీగ్ ఆర్థిక నిబంధనల వల్ల అతడు కొనసాగడం లేదని క్లబ్బే ప్రకటించింది. ఆగస్టు 10న అతడు పారిస్ సాంజెర్మాన్‌లో చేరాడు. ఆటగాడికీ క్లబ్బుకూ ఇష్టమే ఉన్నా, లీగ్ నిబంధన అడ్డుపడిన సందర్భం అది. స్పెయిన్ క్లబ్బుల గురించి పుకారు వచ్చినప్పుడు ఆటగాడు వస్తాడా అన్నదానితోపాటు, ఆ క్లబ్ జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో అతడి జీతానికి చోటు ఉందా అని కూడా చూడడం ఆనాటి నుంచి తెలివైన అభిమానులకు అలవాటైంది.

ఈ మాట బయటికి వస్తే ఎవరికి మేలు

నిప్పు లేనిదే పొగ రాదని పుకారును సమర్థించేవారు అంటారు. బదిలీల కాలంలో పొగ కావాలనే పెట్టేవారు ఉంటారన్నది మరిచిపోకూడదు. ఆటగాడి జీతం పెంచమని అడుగుతున్న ఏజెంటుకు, మరో పెద్ద క్లబ్ తన ఆటగాడి వెంటపడుతోందన్న వార్త అవసరం. అమ్మాలనుకునే క్లబ్బుకు, కొనేవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారన్న వార్త అవసరం. అభిమానుల కోపంలో ఉన్న యాజమాన్యానికి, ఒక గొప్ప ఆటగాడి కోసం ప్రయత్నిస్తున్నామన్న వార్త అవసరం. విలేకరికి సమాచారం ఇచ్చేవారు సాధారణంగా వీళ్లే కాబట్టి, వార్త చదవగానే దీనివల్ల ఎవరి చేయి పైకి వస్తుందో ఆలోచించండి. ఎవరికో మేలు ఉన్నంత మాత్రాన వార్త అబద్ధమైపోదు, దాన్ని ఎంత జాగ్రత్తగా తీసుకోవాలో మాత్రం తెలుస్తుంది.

దీనికి తోడు ఆటగాడి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో తప్పకుండా చూడాలి. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ వేసిన కేసులో 1995 డిసెంబరు 15న యూరప్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వల్ల, ఒప్పందం ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు రుసుము లేకుండా వెళ్లిపోవచ్చు. ఒప్పందంలో ఆఖరి ఆరు నెలల్లో ఉన్న ఆటగాడు మరో క్లబ్బుతో ముందస్తుగా సంతకం చేయడానికి ఫిఫా నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. జూన్ 30తో ఒప్పందం ముగిసే ఆటగాడి మీద జనవరిలో పుకార్లు పెరగడానికి కారణం ఇదే, అలాంటి పుకార్లలో పస ఎక్కువ. ఫ్రాన్స్ ఆటగాడు కిలియన్ ఎంబాపే విషయంలో పుకారు తప్పడమూ, నిజమవడమూ రెండూ చూశాం. 2022లో అతడు రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయినట్టేనని రాశారు, మే 21న అతడు తన క్లబ్ పారిస్ సాంజెర్మాన్‌తోనే కొత్త ఒప్పందం చేసుకున్నాడు. 2024లో ఒప్పందం ముగిసే సమయానికి మళ్లీ అదే మాట వచ్చింది, జూన్ 3న రియల్ మాడ్రిడ్ అతడి రాకను ప్రకటించింది.

అంకెలు చదివేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పౌండ్లను యూరోలుగా, యూరోలను డాలర్లుగా మార్చి చెప్పడం వల్ల ఒకే బేరానికి మూడు ధరలు చలామణి అవుతాయి. ఇంగ్లండ్ పత్రికలు జీతాన్ని వారానికి ఇంత అని చెబుతాయి, ఇటలీ పత్రికలు పన్ను పోగా ఏడాదికి ఇంత అని రాస్తాయి. వారానికి 2 లక్షల పౌండ్లంటే ఏడాదికి 1 కోటి 4 లక్షల పౌండ్లు, అదీ పన్ను కట్టకముందు లెక్క. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకడు డబ్బు కోసం వెళ్లాడనడం తప్పుడు లెక్క మీద వేసిన నింద అవుతుంది. ధరలోనూ వెంటనే ఇచ్చేది ఎంత, గోల్స్‌నో కప్పులనో బట్టి తర్వాత ఇచ్చేది ఎంత అన్నది విడదీసి చూడాలి. స్పెయిన్ ఒప్పందాల్లో ఆటగాడు విడిపోవడానికి కట్టవలసిన మొత్తం ముందే రాసి ఉంటుంది. 2017 ఆగస్టులో బ్రెజిల్ ఆటగాడు నేమార్‌ను బార్సిలోనా నుంచి పారిస్ సాంజెర్మాన్ తీసుకెళ్లిన 22.2 కోట్ల యూరోలు అలాంటి మొత్తమే. ఆనాటి మారకంలో అది 1,600 కోట్ల రూపాయలకు పైమాట. ఆ మొత్తం కడితే బార్సిలోనా కాదనడానికి వీల్లేదు. అయినా బార్సిలోనా అమ్ముకుందని ఇప్పటికీ అనేవారు మన ఊళ్లో ఉన్నారు.

అదే నేమార్ కథలో ఇంకొక సంగతి ఉంది. 2017 జూలై 23న అతడి సహ ఆటగాడు జెరార్డ్ పీకే ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో పెట్టి, అతడు ఉంటున్నాడని రాశాడు. ఒకే గదిలో దుస్తులు మార్చుకునే మనిషే చెప్పాక ఇంకేం కావాలని అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. రెండు వారాలు తిరగకముందే నేమార్ పారిస్‌లో ఉన్నాడు. స్నేహితులు, బంధువులు, మాజీ ఆటగాళ్లు చెప్పే మాట వారి కోరికను చెబుతుంది. దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

స్పందన ఎలా ఉండాలి

వార్తను ఇంతగా పరీక్షించాక స్పందించడం తేలిక. వార్త మీద కోపం గాని, ఆనందం గాని పొంగినప్పుడు వెంటనే రాయకుండా, కనీసం మరొక స్వతంత్ర మూలం వచ్చేదాకా ఆగండి. ఒకే పత్రిక మాటను పది ఖాతాలు ఎత్తి రాస్తే అవి పది మూలాలు కావు. గ్రూపులో పంచుకోవాలనిపిస్తే విలేకరి పేరు, పత్రిక పేరు, తేదీ, బేరం ఉన్న దశ రాసి పంచుకోండి. ఫలానా విలేకరి, ఫలానా రోజున, రెండు క్లబ్బుల మధ్య ధర మీద చర్చ నడుస్తోందని రాశాడు, ఆటగాడు ఇంకా మాట్లాడలేదు అని రాస్తే అది చదివినవారికి ఉపయోగపడుతుంది. మీరు పంపిన వార్త తప్పని తేలితే, అదే గ్రూపులో, అదే వరుసలో, అది తప్పని మీరే రాయండి. పాత మెసేజ్ గుట్టుగా తీసేస్తే దాన్ని అప్పటికే నమ్మినవారికి నిజం చేరదు.

ఆటగాడి ఖాతాలోకి వెళ్లి అతడిని ద్రోహి అనడం, వెళ్లిపొమ్మనడం, అతడి భార్యనో తల్లినో పిల్లలనో ఆ మాటల్లోకి లాగడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. ఈ విషయంలో నాకు రాజీ లేదు. క్లబ్ మారడం అతడి వృత్తి జీవితంలో ఒక నిర్ణయం, ఆ నిర్ణయం గురించి అతడు ఇంకా నోరు కూడా విప్పని రోజున వేరొకరు రాసిన మాటకు అతడిని శిక్షించడం అన్యాయం. అతడు మన మాటలు చదవడులే అనుకోవడం కూడా సరికాదు. అతడు చదవకపోయినా మన పక్కన ఉన్న పదమూడేళ్ల పిల్లవాడు చదువుతాడు. విలేకరిని విమర్శించేటప్పుడు కూడా రాసిన విషయం గురించే మాట్లాడండి: ఏ తేదీన ఏం రాశారు, తర్వాత ఏం జరిగింది, తప్పును సరిదిద్దారా లేదా. తప్పు ఒప్పుకుని సవరించిన విలేకరిని ఎగతాళి చేస్తే, ఇంకెవరూ సవరణ రాయడానికి ముందుకు రారు.

ఇందుకు ఒక చిన్న నోటు పుస్తకం ఎంతో ఉపకరిస్తుంది. బదిలీల కాలం మొదలైనప్పుడు ఒక పేజీలో విలేకరి పేరు, రాసిన తేదీ, చెప్పిన మెట్టు రాసుకుని, గడువు ముగిశాక ఎదురుగా జరిగింది రాయాలి. రెండు మూడు కాలాలు ఇలా రాస్తే ఏ విలేకరి ఏ క్లబ్ గురించి నమ్మదగినవాడో, ఎవరు అన్ని పేర్లూ విసిరి తగిలిన ఒక్కదాన్ని మాత్రమే గుర్తుచేస్తారో మీకే కనిపిస్తుంది. స్నేహితులు నలుగురు కలిసి ఒకే పుస్తకం రాసుకుంటే వాదనలు కూడా తగ్గుతాయి.

బదిలీ పుకార్లను ఇలా ఓపికగా తూచవచ్చు గాని, కొన్ని రకాల వార్తలను తూచనే కూడదు, ముందుకు పంపనే కూడదు. ఆటగాడి ఆరోగ్యం, మరణం, కుటుంబ కలహాలు, అతడి మీద నేరారోపణలు ఈ కోవలోకి వస్తాయి. 2022 ఏప్రిల్ 28న ప్రసిద్ధ ఏజెంటు మినో రయోలా మరణించాడని పెద్ద పెద్ద సంస్థలే వార్త ఇచ్చాయి. అప్పటికి ఆయన ఆసుపత్రిలో ప్రాణాలతో ఉన్నాడు, ఆ వార్తను ఖండిస్తూ ఆయన ఖాతాలోనే మాట వచ్చింది. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 30న ఆయన నిజంగానే చనిపోయాడు. ఆ రెండు రోజులు ఆయన ఇంట్లోవాళ్లు ఎన్ని సంతాప సందేశాలు చదవవలసి వచ్చిందో ఊహించుకుంటే, ఒక ఫార్వర్డ్ ఎంత బాధ పెట్టగలదో అర్థమవుతుంది. కుటుంబమో, క్లబ్బో, న్యాయస్థానమో చెప్పేదాకా ఇలాంటి వాటి గురించి మాట్లాడకుండా ఉండడం మర్యాద. పరువునష్టానికి భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ కింద శిక్ష ఉందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

గడువు రోజు గురించి ఒక మాట. 2025లో ఇంగ్లండ్ వేసవి గడువు సెప్టెంబరు 1న అక్కడి రాత్రి 7 గంటలకు, అంటే మనకు 11:30 గంటలకు ముగిసింది. స్పెయిన్ గడువులు ఇంకా ఆలస్యంగా ముగుస్తుంటాయి. ఉదయం శిక్షణకు వెళ్లవలసిన పిల్లలు ఫోన్ పట్టుకుని మేలుకోవలసిన పని లేదు, తెల్లవారాక క్లబ్ వెబ్‌సైట్ చూస్తే జరిగింది జరిగినట్టు ఉంటుంది.

మన పిల్లల గురించి వార్త వచ్చినప్పుడు

ఇక మన మైదానాల సంగతి. అనంతపురం, కడప, కర్నూలు పిల్లల మీద కూడా అప్పుడప్పుడు ఇలాంటి మాటలు పుడతాయి. ఫలానా ఊరి అబ్బాయిని స్పెయిన్ క్లబ్ తీసుకుందట, ఫలానా అమ్మాయి జాతీయ జట్టుకు ఎంపికైందట అని ఊరంతా పాకుతుంది. సంతోషంతో మొదలైన మాటే అయినా, అది నిజం కాకపోతే ఆ పిల్లవాడు స్నేహితుల ముందు తల ఎత్తుకోలేకపోతాడు, ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లు చుట్టాలకు సమాధానం చెప్పుకోలేకపోతారు. పేరున్న ఆటగాడి తరఫున జవాబు చెప్పడానికి క్లబ్ ఉంటుంది, ఏజెంటు ఉంటాడు. పల్లె నుంచి వచ్చిన పదిహేనేళ్ల పిల్లకు అలాంటివారెవరూ ఉండరు, కాబట్టి ఇక్కడ జాగ్రత్త రెట్టింపు కావాలి.

విదేశీ క్లబ్ అన్న మాట వినగానే పిల్లల వయసు అడగండి. ఫిఫా నిబంధనల ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప 18 ఏళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బుకు మార్చకూడదు. ఈ నియమం మీరినందుకే 2014 ఏప్రిల్‌లో బార్సిలోనా అంతటి క్లబ్బుకు ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా రెండు బదిలీ కాలాల నిషేధం విధించారు. టోర్నీ ఆడడానికో, కొద్ది రోజుల శిక్షణకో వెళ్లడం వేరు, క్లబ్బులో చేరడం వేరు. అలా వెళ్లివచ్చిన పిల్లల గురించి క్లబ్ తీసుకుందని రాయడం వారికి మేలు చేయదు. ట్రయల్స్‌కు పంపిస్తామని డబ్బు అడిగేవారు తగిలితే ఇంకా అప్రమత్తంగా ఉండాలి. 2023 అక్టోబరు నుంచి ఏజెంట్లకు ఫిఫా లైసెన్సు తప్పనిసరి చేసింది, లైసెన్సున్నవారి పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు. పేరు అక్కడ లేకపోతే రూపాయి కూడా ఇవ్వవద్దని ఆ తల్లిదండ్రులకు చెప్పడం అభిమానులుగా మనం చేయగల మంచి పని.

ఎంపిక నిజమే అయినప్పుడు కూడా తొందరపడి పోస్టు పెట్టకండి. ఎంపిక చేసిన సంఘం లేదా సమాఖ్య విడుదల చేసిన జాబితాలో పేరు చూడండి, ఎంపికైంది శిక్షణ శిబిరానికా, తుది జట్టుకా అన్నది శిక్షకుడిని అడిగి తెలుసుకోండి, ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసి తల్లిదండ్రులు సరేనంటేనే పిల్ల పేరు, ఊరు, ఫొటో పెట్టండి.